వయసు – సంధిబంధన కణాలు: గాయం మానే శక్తిపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కీళ్ల వద్ద ఎముకను ఎముకతో కలిపి ఉంచే పట్టీలే సంధిబంధనాలు. వ్యవహారంలో వీటిని లిగమెంట్లు అంటారు. వయసు పెరిగేకొద్దీ వీటి బలమూ, గాయం మానే శక్తీ తగ్గుతాయి. ఈ రెండు మార్పులూ ఒకటి కావని, రెండవది ప్రధానంగా కణాల ప్రతిస్పందనకు సంబంధించినదని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సంధిబంధనం, ఫైబ్రోబ్లాస్టు, కొల్లాజెన్, కణవార్ధక్యం, చేవెళ్ల.

1. ఉపోద్ఘాతం:
చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాలు కూరగాయల సాగుకు, పూలతోటలకు పేరుపొందాయి. గొంతుకూర్చుని కలుపు తీయడం, బరువుతో గట్ల మీద నడవడం ఈ సాగులో నిత్యకృత్యాలు. సమీపంలోని చందనవెల్లి నేడు పారిశ్రామికవాడగా మారింది. పొలమైనా, కర్మాగారమైనా శ్రమభారాన్ని మోసేవి మోకాళ్లే. యాభై దాటిన వ్యక్తికి మోకాలు మెలికపడితే “వయసైపోయింది, ఇక మానదు” అనుకోవడం పరిపాటి. ఈ అభిప్రాయంలో శాస్త్రీయత ఎంత?

2. బలంలో తగ్గుదల:
సేవియో వూ బృందం 1991లో మరణించిన వారి మోకాళ్లపై జరిపిన పరీక్షలు ప్రసిద్ధమైనవి. మోకాలి మధ్యలోని ముఖ్య సంధిబంధనమైన ఏసీఎల్, 22–35 ఏళ్ల వయోవర్గంలో సగటున 2160 న్యూటన్ల బలం వద్ద తెగింది. 60–97 ఏళ్ల వర్గంలో 658 న్యూటన్లకే తెగింది. అయితే ఇది కణజాల బలానికి కొలత మాత్రమే. గాయం మానే శక్తిని తెలుసుకోవాలంటే సజీవ కణాలను పరిశీలించాలి.

3. కణస్థాయి మార్పులు:
గాయమైనప్పుడు మొదట వాపు, తరువాత కణవృద్ధి, చివరకు పునర్నిర్మాణం జరుగుతాయి. ఫైబ్రోబ్లాస్టులు గాయం వద్దకు చేరి, విభజన చెంది, కొల్లాజెన్‌ను నిర్మిస్తాయి. యువకులలో సైతం అక్కడ ఏర్పడేది మచ్చ కణజాలమే. అది మొదటి నాణ్యతను పూర్తిగా పొందదు.

మానవ ఫైబ్రోబ్లాస్టుల విభజనకు ఒక పరిమితి ఉందని హేఫ్లిక్, మూర్‌హెడ్ 1961లో నిరూపించారు. విభజన ఆగిన కణం వెంటనే మరణించదు. అది వాపును ప్రేరేపించే పదార్థాలను, కొల్లాజెన్‌ను ఛేదించే ఎంజైములను స్రవిస్తూ పొరుగు కణాలకూ అవరోధమవుతుంది. మరోవైపు చక్కెర అణువులు కొల్లాజెన్ తంతువుల మధ్య అడ్డబంధాలను ఏర్పరచి, వాటిని బిరుసెక్కిస్తాయి. మధుమేహంలో ఈ ప్రక్రియ వేగవంతమవుతుంది.

పందులు, గొర్రెల ఏసీఎల్ కణాలపై మార్తా మర్రే బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ గమనార్హం. ఎముకల ఎదుగుదల పూర్తికాని జంతువుల కణాలు, ఎదిగిన జంతువుల కణాలకంటే అధికంగా వృద్ధి చెంది, చురుకుగా వలస వెళ్లాయి. అంటే తగ్గుదల వృద్ధాప్యంలో హఠాత్తుగా వచ్చేది కాదు; యౌవనంలోనే ప్రారంభమవుతుంది.

4. వయసు ఒక్కటే కారణం కాదు:
మోకాలి లోపలి పక్కనుండే ఎంసీఎల్ చాలా సందర్భాలలో శస్త్రచికిత్స లేకుండానే మానుతుంది. పూర్తిగా తెగిన ఏసీఎల్ యువకులలో కూడా సాధారణంగా అతుక్కోదు. కీలుద్రవంలో రక్తపుగడ్డ నిలవకపోవడం వలన కణాలకు ఆధారం లభించకపోవడమే దీనికి ముఖ్యకారణం. కనుక గాయపడిన స్థానం వయసుకన్నా నిర్ణాయకం కావచ్చు.

కదలిక మరొక అంశం. ఫ్రాంక్ నోయెస్ 1970వ దశకంలో కోతులపై జరిపిన ప్రయోగాలలో, 8 వారాలు కదలిక లేకుండా కట్టి ఉంచిన కాలిలో ఏసీఎల్ బలం గణనీయంగా తగ్గింది. 5 నెలల తరువాత కూడా అది పాక్షికంగానే కోలుకుంది. అవసరానికి మించిన విశ్రాంతి వయసు చేసే నష్టానికి తోడవుతుందని దీనినిబట్టి ఊహించవచ్చు.

5. ముగింపు:
• వయసు పెరిగిన సంధిబంధనంలో కణాలు ఉంటాయి. వాటి స్పందన మందగిస్తుంది.
• గాయపడిన స్థానం, మధుమేహ నియంత్రణ, క్రమబద్ధమైన కదలిక కూడా ఫలితాన్ని ప్రభావితం చేస్తాయి.
• “వయసైపోయింది” అన్న మాటతో చికిత్సను నిలిపివేయడం శాస్త్రసమ్మతం కాదు. ఏ సంధిబంధనం, ఎంతమేరకు దెబ్బతిన్నదో వైద్యపరీక్షతో నిర్ధారించుకోవడమే మొదటి మెట్టు.
• చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాల వ్యవసాయ కార్మికులను, చందనవెల్లి కర్మాగార కార్మికులను వయోవర్గాలవారీగా పోల్చి చూడటం భావి పరిశోధకులకు ఉపయుక్తమైన అంశం.