చక్రముల యిల్లు – విశ్రాంతి యెవరిది?

ఉద్యోగవిరమణ మనుమాట మన యిండ్లలో పురుషులకే చెల్లుచున్నది. ఆంధ్రప్రదేశమున ప్రభుత్వోద్యోగికి 2022 జనవరి మొదలు 62 ఏండ్లకు విశ్రాంతి లభించుచున్నది. పూలమాల వేసి, శాలువ కప్పి యింటికి పంపుదురు. ఆ యింట నలువదేండ్లు పొయ్యియొద్ద నిలిచిన యామెకు విశ్రాంతిదినము నిర్ణయించువా రెవ్వరు? మా కుటుంబమున జరిగిన యొక చిన్న ప్రయాణమువలన ఈ ప్రశ్న మాకు తోచినది.

మా మామగారు ఏలూరిలో కొలువు చాలించిన పిమ్మట, అమెరికాలోని మా మఱదియొద్ద కొన్నినెల లుండి వచ్చిరి. అచ్చట పలువురు వృద్ధదంపతులు మంచము, పొయ్యి, స్నానపుగది గల ఆర్.వీ. యను పెద్దబండిలో ఊరూర తిరుగుచుండుట చూచి ముచ్చటపడిరి.

ఈ ముచ్చట మనవారికి క్రొత్తది గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని చెన్నపట్టణము విడిచి, పరివారముతో కాశికేగి, 1831 సెప్టెంబరు 3వ తేదీని ఇల్లు చేరిరి. ఏ మజిలీలో ఏ వస్తువు దొరకునో ఆయన కాశీయాత్ర చరిత్రలో వ్రాసియుంచిరి.

మామగారు పాతవ్యాను నొకదానిని కొని, వడ్రంగిచే రెండు పడకలు, గ్యాసుపొయ్యికి చిన్నగట్టు అమర్పించిరి. కనుమనాడు కదలరాదు గాన, మఱునాడు బయలుదేఱితిమి. పిల్లలతో మేమును వారివెంట పోయితిమి.

కైకలూరు త్రోవలో కొంతదూరము సాగినంతనే ఇరుప్రక్కల కొల్లేటి నీరు కానవచ్చెను. బుడమేరు, తమ్మిలేరు దీనిలో కలియును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు గొనిపోవును. ఈ మంచినీటి సరస్సు 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కినది. ఆటపాకలో ఇనుపమంచెలపై గూడబాతులు గూళ్లు కట్టుకొనియున్నవి.

మామగారు, మావారు, పిల్లలు పడవ యెక్కిరి. అత్తగారు వంకాయలు తరుగుచు, "మీరు చూచి రండి, నాకు పొయ్యిమీద పప్పున్నది" అనిరి. మేమును ఆమెకు తోడుగా నిలిచితిమి. వారు వచ్చునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. రాత్రి గిన్నెలు తోముచు అత్తగారు, "ఇంటిలోనైన గిన్నె లుంచుకొన చోటుండెను. ఇచ్చట అదియు లేదు గదే, అమ్మాయీ!" అనిరి.

మామగారి యెదుట మాటలాడు నలవాటు మాకు లేదు. మావారిచే చెప్పించితిమి. ఆయన చాలసే పూరకుండిరి. మఱునాడు ముందు పోవలసిన బండిని మరల ఆటపాకకే త్రిప్పి, అత్తగారిని తామే పడవ యెక్కించిరి. ఆమె పక్షిపిల్లలను చూచుచు ఒక్కమాటయు పలుకలేదు. పిమ్మట ఆకివీడు, భీమవరముల మీదుగా తాడేపల్లిగూడెము చేరి, మామగారే ఉప్మా వండిరి. అది ముద్దకట్టినది. అత్తగారు బండిమెట్టుపై కూర్చుండి రెండవమారు వడ్డించుకొనిరి.

నాడు అందఱము కొన్ని నియమములు చేసికొంటిమి. వంట దినమున కొకపూటయే, రెండవపూట హోటలుఫలహారము. వంటలో, గిన్నెలు తోముటలో ఇరువురకును వంతులు. బండి నడచునపుడు గ్యాసు కట్టివేయవలెను. వండునపుడు కిటికీలు తెఱువవలెను. చేపలచెఱువుల మురికినీరు కొల్లేటిలో కలియుచున్నది గాన త్రాగునీరు వెంటగొనిపోవలెను. మందులు నెలకు సరిపడ నుండవలెను. పింఛనుదారు జీవించియున్నట్లు తెలుపు పత్రమునకై స్వస్థలమునకే రానక్కరలేదు; 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతిచే ఏయూరనుండియైన పంపవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక సంవత్సరము తిరిగి చూడక స్వగృహము నమ్మరాదు. ఈ కడపటి నియమము అత్తగారిది.

ఇపుడు వారిరువురును మరల ప్రయాణములో నున్నారు. నిన్న అత్తగారు ఫోనుచేసిరి. వంతు మామగారిదట, అన్నము మాడినదట. ఆ సంగతి చెప్పుచు ఆమె నవ్విన నవ్వు ఈ పదునైదేండ్లలో మే మెన్నడు వినియుండలేదు.