నేలవేము కాలేయాన్ని కాపాడేది విషానికి ముందా, తర్వాతా?

కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం కిందే 2003 దాకా మన వాల్తేరు డివిజన్ ఉండేది. రైలు ఉద్యోగాల మీద అక్కడికి వెళ్లిన తెలుగువారికి ‘కాల్‌మేఘ్’ అన్న పేరు కొత్తేమో గానీ మొక్క పాతదే. అది మన నేలవేము. బెంగాలీలు దాని ఆకురసాన్ని ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్కతో కలిపి చిన్న మాత్రలు కట్టి, ‘ఆలుయి’ పేరుతో పసిపిల్లల కడుపునొప్పికి వాడేవారు. కాలేయానికి మంచిదన్న పేరు కూడా దానికి అక్కడ గట్టిగానే ఉంది.

ఆ పేరు నిజమో కాదో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా ఆశ్రయించేది కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను. ఒకప్పుడు మంటలార్పే పరికరాల్లోనూ డ్రైక్లీనింగ్‌లోనూ వాడిన ద్రవమిది. విచిత్రమేమిటంటే, దీన్ని అసలైన విషంగా మార్చేది కాలేయమే. అక్కడి సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ దాని నుంచి ఒక క్లోరిన్ పరమాణువును విడదీస్తుంది. మిగిలిన ముక్కలో జతలేని ఎలక్ట్రాన్ ఉంటుంది. అదే ఫ్రీ రాడికల్. ఆక్సిజన్ తోడైతే అది మరింత రెచ్చిపోయి, కణం పైపొరలోని కొవ్వు అణువు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. నష్టపోయిన ఆ అణువు పక్కదాని మీద పడుతుంది. గడ్డివాములో నిప్పు పాకినట్టు ఇది సాగి, చివరికి పొర చిల్లులు పడుతుంది. లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అవే.

యాంటీఆక్సిడెంట్ తన హైడ్రోజన్‌ను ఇచ్చి ఈ గొలుసును తెంపుతుంది. నేలవేముకు చేదునిచ్చే ఆండ్రోగ్రాఫోలైడ్‌ను ముందుగా ఇచ్చిన ఎలుకల్లో ఎస్‌జీపీటీ అంతగా పెరగలేదని ప్రయోగాల్లో తేలింది.

‘ముందుగా’ అన్న మాట దగ్గరే ఆగాలి. ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా కొన్ని రోజులు మొక్క సారం తాగించి, ఆ తర్వాతే విషం ఇస్తారు. తనకు ఎప్పుడు విషం తగలబోతోందో మనిషికి ముందే తెలియదు కదా! ఇంకో చిక్కు కూడా ఉంది. సారం ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటే అసలు రాడికలే పుట్టదు. అప్పుడు కూడా ఎస్‌జీపీటీ తక్కువగానే ఉంటుంది, కానీ అందులో యాంటీఆక్సిడెంట్ గొప్పతనం లేదు. పైగా ఆండ్రోగ్రాఫోలైడ్ నీటిలో సరిగా కరగదు, మింగినదాంట్లో రక్తానికి చేరేది కొంచెమే.

మొక్కల రసాయనాలను విడగొట్టే పని కూడా కాలేయానిదే. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది.

విషం ఎక్కాక కూడా పనిచేస్తుందని రుజువైన మందు లేకపోలేదు. పారాసెటమాల్ మోతాదు మించితే, ప్రధానంగా అదే సీవైపీ2ఈ1 దాన్ని విషపు ముక్కగా మారుస్తుంది. దాన్ని తట్టుకునే క్రమంలో కణంలోని సొంత యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్ ఖర్చయిపోతుంది. ఆస్పత్రుల్లో ఇచ్చే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఆ నిల్వను మళ్లీ నింపుతుంది. మింగిన 8 గంటల్లోపు అది మొదలైతే కాలేయం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. అది దాటిన కొద్దీ ఆ భరోసా తగ్గుతూ పోతుంది.