హైడ్రోజన్ నీళ్లతో క్లోమం వాపు తగ్గుతుందా?

కారం ఎక్కువ తింటే క్లోమం వాస్తుందని, హైడ్రోజన్ నీళ్లు (ఆ వాయువును కరిగించి సీసాల్లో అమ్మే నీళ్లు) తాగితే ఆ వాపు తీస్తుందని అనేవాళ్లున్నారు. రెండూ నిలిచే మాటలు కావు. మొదటిది తేల్చేయడం తేలిక. డాక్టర్లు ప్యాంక్రియాటైటిస్ అనే ఈ జబ్బుకు పెద్ద కారణాలు పిత్తాశయంలో రాళ్లు, మద్యం. ఆ తర్వాత రక్తంలో ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరగడం వంటివి వస్తాయి. తేజ అయినా గుంటూరు సన్నమైనా మిరపకాయకు ఆ వరసలో చోటు లేదు. మిరప, పత్తి చేలల్లో క్లోమానికి ముప్పు పంట నుంచి కాదు, దాని మీద కొట్టే మందు నుంచి. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ ఒంట్లోకి పోతే నరాలు క్లోమాన్ని ఆగకుండా తరుముతాయి. కొందరిలో అది వాస్తుంది.

హైడ్రోజన్‌ను మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయలేం, వెనక నిజమైన ప్రయోగాలున్నాయి. కణాలను దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్‌ను హైడ్రోజన్ ఏరి మరీ అణుస్తుందని 2007లో జపాన్ శాస్త్రవేత్త షిగెయో ఓహ్తా బృందం 'నేచర్ మెడిసిన్'లో చూపింది. 2010లో చైనా పరిశోధకులు ఎల్-ఆర్జినిన్‌తో ఎలుకల క్లోమం వాచేలా చేసి, హైడ్రోజన్ కలిపిన సెలైన్ ఇస్తే తీవ్రత తగ్గిందన్నారు. సరే. కానీ ఎలుకలో జబ్బు ఏ గంటకు మొదలవ్వాలో ప్రయోగం చేసేవాడి చేతిలో ఉంటుంది. దర్శి నుంచో వినుకొండ నుంచో వచ్చే రోగి రాత్రంతా నొప్పి ఓర్చుకున్నాక గానీ ఆస్పత్రి గడప తొక్కడు. అప్పటికే క్లోమ రసం సొంత గ్రంథినే అరిగించుకుంటూ ఉంటుంది. పైగా ఎలుకకు ఇచ్చింది సెలైన్, మనకు అమ్మేది సీసా. మామూలు ఒత్తిడిలో లీటరు నీళ్లలో కరిగే హైడ్రోజన్ సుమారు 1.6 మిల్లీగ్రాములు, వాయువుగా కొలిస్తే 20 మిల్లీలీటర్లు. మూత తీస్తే అదీ ఎగిరిపోతుంది. చిక్కుళ్లు తిన్న పూట మన పేగుల్లోని సూక్ష్మజీవులు పైసా ఖర్చు లేకుండా హైడ్రోజన్ తయారుచేస్తాయి. దాన్ని ఊపిరిలో కొలిచే పరీక్ష కూడా ఉంది.

రాడికల్స్ నష్టం చేస్తుంటే, వాటిని అణిచేది పనిచేయాలి కదా అంటారు. ఆ తర్కాన్ని మనుషుల మీద పరీక్షించారు. తీవ్ర ప్యాంక్రియాటైటిస్ రోగులకు ఎన్-అసిటైల్ సిస్టీన్, సెలీనియం, విటమిన్ సి నరంలోకి ఎక్కించిన బ్రిటన్ అధ్యయనం 2007లో వెలువడింది, మేలు కనిపించలేదు. దీర్ఘకాలిక రోగంలో యాంటీ ఆక్సిడెంట్లతో నొప్పి తగ్గిందని 2009లో ఢిల్లీ ఎయిమ్స్ అంటే, 2012లో బ్రిటన్ తగ్గలేదంది. అక్కడి రోగుల్లో ఎక్కువమంది మద్యం వల్ల జబ్బుపడ్డవాళ్లు, తేడాకు అదొక కారణం కావచ్చు. మోతాదు తెలిసిన మందుల సంగతే ఇలా తేలితే, సీసా నీళ్ల మీద అంత ధీమా దేనికి?

తాగితే పోయేదేముంది అంటే, పోయేది సమయం. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ముందుకు వంగితే కాస్త నెమ్మదించే నొప్పి వస్తే మనవాళ్లు గ్యాస్ పట్టిందనుకుని సోడా, వాము వెతుక్కుంటారు. అప్పుడు చూడవలసింది రక్తంలో లైపేజ్. అది మామూలు గరిష్ఠ స్థాయికి మూడింతలు దాటితే అనుమానం బలపడుతుంది. పిత్త నాళంలో రాయి ఇరుక్కుని ఉంటే ఎండోస్కోపీతో తీస్తారు. ఇక వాంతులు ఆగని మనిషికి నోట పోసే ఏ నీళ్లూ నిలవవు. నరంలోకి సెలైన్ వెళ్లాలి, అందులో హైడ్రోజన్ లేకపోయినా సరే.