కరెంటు కొండెక్కిన వేళ

దీపం ఆరిపోయిందని మన పెద్దవాళ్ళు అనరు. "దీపం కొండెక్కింది" అంటారు. పాపం, కరెంటు దీపానికి ఆ మర్యాద దక్కలేదు. హైదరాబాదు పాతబస్తీలో అది పోయిందంటే చాలు, గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పిల్లలంతా ఒక్క గొంతుతో "లైట్ గయీ!" అని కేక పెడతారు. తిరిగి వచ్చినప్పుడూ అదే కేక. కాకపోతే అందులో సంతోషం పాలు కొంచెం ఎక్కువ.

ఆ రెండు కేకల మధ్య ప్రతి ఇంట్లోనూ జరిగేది ఒకటే. ఇల్లాలు టార్చి కోసం తడుముకుంటుంది. పిల్లలు సెల్‌ఫోను వెలుగులో గోడమీద నీడలతో కుక్కలనూ, నక్కలనూ ఆడిస్తారు. పడక్కుర్చీలోంచి తాతగారు మాత్రం, "వీధి తలుపు గడియ వేశారా?" అని అడుగుతారు.

ఆ తాతగారి ప్రశ్న గురించే ఈ నాలుగు మాటలూ.

తాళం వేసి లోపల పెట్టుకొన్న శత్రువు

మేము వుండేది గౌలిపురా వైపు. కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలపు రాత్రి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడు చేసి కాలిపోయింది. మర్నాటికి గాని బాగుపడదన్నారు. రెండిళ్ళ అవతల వున్న ఒకాయన అంతకు వారం ముందే చిన్న పెట్రోలు జనరేటరు కొన్నాడు. "చూశారా, నా ముందుచూపు!" అన్నట్టు ఆయన ఇల్లు ఒక్కటీ దేదీప్యమానంగా వెలిగిపోతూంటే, మేమంతా విసనకర్రలు పుచ్చుకొని అసూయపడ్డాం.

రాత్రి పదయింది. పన్నెండు వేలు పోసి కొన్న యంత్రం వీధిలో వుంటే ఎవరైనా ఎత్తుకుపోరూ? అందుకని ఆయన దాన్ని లోపలికి జరిపి, మెట్ల కింద పెట్టి, చానల్ గేటు లాగి తాళం వేశాడు. వాన జల్లు పడకుండా కిటికీలు కూడా మూసి, నిశ్చింతగా పడుకొన్నాడు.

పదకొండింటికి వయరింగు పని చేసే చాచా ఒకాయన పని ముగించుకొని ఆ దారిన పోతున్నాడు. మూసిన గేటు లోపల నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. ఆయన ఒక్క క్షణం ఆగి, చేతిలోని కటింగ్ ప్లేయరుతో గేటు దబదబ బాదాడు. ఎంతసేపటికీ తలుపు తెరవరు. చివరకు ఇంటాయన తూలుతూ వచ్చాడు. ముసలమ్మకు సాయంత్రం నుంచీ తలనొప్పట. చిన్నపిల్ల వాంతి చేసుకొన్నదట. రాత్రి తిన్న బగారా అన్నం పడలేదనుకొన్నారట!

చాచా ముందు యంత్రం ఆపాడు. తరువాత తలుపులన్నీ తీయించాడు. ఇంటిల్లిపాదినీ వానలోనే వీధిలోకి తెచ్చి కూర్చోబెట్టి, అక్కడి నుంచి ఆసుపత్రికి పంపించాడు. దైవం చల్లగా చూసింది, అందరూ బతికారు. దొంగ రాకూడదని వేసిన తాళం, యముణ్ణి లోపల పెట్టి వేసినట్టయింది గదా!

రంగు లేదు, వాసన లేదు

ఆ యముడి పేరు కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలు, డీజిలు, బొగ్గు, ఏది సరిగా మండకపోయినా ఈ వాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తుటిలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ అనే పదార్థానికి, ప్రాణవాయువు మీద కంటే దీని మీద 200 రెట్లకు పైగా మక్కువ. మొదట తలనొప్పి, తరువాత తల తిరగడం, వికారం, నిద్రమత్తు. నిద్రలో వున్నవాడికి ఆ సూచనలయినా తెలియవు.

చదువు తక్కువ చోట్ల జరిగే పొరపాటు ఇది అనుకోకండి. అమెరికాలో ఇంట్లో వాడే జనరేటర్ల పొగ వల్ల ఏటా దాదాపు వందమంది చనిపోతున్నారని అక్కడి ప్రభుత్వ సంస్థే చెబుతూ వుంటుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రాన్ని మంచు తుఫాను కొట్టి 40 లక్షలకు పైగా ఇళ్ళలో కరెంటు పోయింది. మన తెలుగువాళ్ళు వేలకు వేలు కాపురముంటున్న హ్యూస్టన్, డాలస్ నగరాలు ఆ చలిలో గడగడలాడాయి. గరాజుల్లో కార్లు నడిపి, ఇళ్ళలో బొగ్గుల కుంపట్లు రాజేసి, జనరేటర్లను దగ్గరగా పెట్టుకొని, చలి నుంచి తప్పించుకోబోయి ఈ వాయువుకు చిక్కి ప్రాణాలు వదిలినవారున్నారు.

అక్కడివాళ్ళు పెట్టుకొన్న నియమం ఏమిటంటే జనరేటరు ఎప్పుడూ ఆరుబయటే వుండాలి. తలుపులకూ, కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో వుండాలి. పొగగొట్టం ఇంటికి వీపు తిప్పి వుండాలి.

"బాబూ, మా గల్లీ వెడల్పే ఎనిమిది అడుగులు! ఇరవై అడుగులు ఎక్కడ నుంచి తెమ్మంటారు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. విశాలమైన డాబా వుండి, మెట్లగదికీ పొరుగువారి కిటికీలకూ దూరంగా చోటు దొరికితే, అక్కడ పెట్టి ఇనుప కొక్కేనికి గొలుసు బిగించి తాళం వేసుకోండి. తాళం యంత్రానికి వేయండి గాని, యంత్రంతో సహా మీకు వేసుకోవద్దు. అటువంటి చోటు లేకపోతే జనరేటరు మీ ఇంటికి తగిన వస్తువు కాదు. అంతే.

స్తంభం మీది మనిషి

జనరేటరుతో ఇంకొక ప్రమాదం వుంది. అది మనకు కాదు, మన కోసం వానలో స్తంభం ఎక్కినవాడికి. కొందరు రెండు చివరలా పిన్నులున్న వైరు చేయించి, జనరేటరు కరెంటును తిన్నగా గోడమీది ప్లగ్గులోకి ఎక్కిస్తారు. ఇల్లంతా వెలుగుతుంది, నిజమే. కాని మెయిన్ స్విచ్చి తీయడం మరిచారో, ఆ కరెంటు వీధిలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు అటు, ఇటు అనే తేడా లేదు. అటు నుంచి వచ్చే 11,000 వోల్టులను మన ఇంటి 230కి ఎలా దించుతుందో, ఇటు నుంచి పోయే 230ని అలాగే 11,000కు ఎక్కిస్తుంది. లైను చచ్చి వుందన్న ధీమాతో తీగ పట్టుకొన్న లైన్‌మన్ గతి ఏమవుతుంది?

దీనికి మందు చేంజోవర్ స్విచ్చి. పిడి ఒక వైపు వుంటే వీధి కరెంటు, రెండో వైపు వుంటే జనరేటరు. రెండూ కలవడానికి వీల్లేదు. లైసెన్సు వున్న ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోవాలి. ఇది పెట్టించకుండా జనరేటరును ఇంటి వయరింగుకు కలపడం, బావి తవ్వి గట్టు కట్టకపోవడం లాంటిది.

వెలుగు వచ్చిన దారి

ఈ నగరానికి కరెంటు అలవాటు మరీ పాతదేమీ కాదు. హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం ప్రభుత్వం బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది 1920లో. ఆ కేంద్రం మూతపడి, కట్టడం కూడా కూలిపోయి, ఇప్పుడు ఆ చుట్టుపక్కలే ఎన్.టి.ఆర్. గార్డెన్స్ వున్నది. కరెంటు రాకముందు మూడు వందల ఏళ్ళకు పైగా, 1591లో చార్మినారు కట్టిన నాటి నుంచీ, ఊరు నూనె దీపాలతోనే రాత్రులు గడిపింది. అప్పటి భద్రత దీపంలో కాదు, గోడలో వుండేది. ఊరి చుట్టూ ప్రాకారం, దానికి దర్వాజాలు. వాటిలో ఈనాటికి మిగిలినవి దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా. లోపల దేవిడీలకు మళ్ళీ పెద్ద పెద్ద తలుపులు, తలుపు దగ్గర కాపలా మనిషి.

గోడలు పోయాయి, కాపలా మనుషులు పోయారు. మన ధైర్యమంతా తీగకు వేలాడదీశాము. అందుకనే 2012, 2013లలో గంటలకొద్దీ కోతలు వచ్చినప్పుడు అంత విలవిలలాడాము. అప్పుడే ఇంటింటికీ ఇన్వర్టర్లు దిగాయి. ఇప్పుడు వేళ చెప్పి తీసే కోతలు లేవు గాని, గాలివానకూ, వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ల మీద పడే బరువుకూ కరెంటు పోవడం మానలేదు.

ఇన్వర్టర్ లెక్క

ఇరుకు ఇళ్ళకు ఇన్వర్టరే మేలు. పొగ లేదు, చప్పుడు లేదు. కాని "ఎంతసేపు వస్తుంది?" అన్నది లెక్కకట్టి మరీ కొనాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో వుండే శక్తి 1,800 వాట్-గంటలు. అందులో మూడింట రెండు వంతులే వాడుకొంటే బ్యాటరీ నాలుగు కాలాలు మన్నుతుంది. పాతరకం ఫ్యాన్లు రెండు 150 వాట్లు, ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు 36, ఇంటర్నెట్ పెట్టె ఒక పన్నెండు, మొత్తం దాదాపు 200 వాట్లు. అంటే సుమారు అయిదారు గంటలు. ఫ్యాన్లు కొత్తరకంవి, ముప్ఫై వాట్లవి వేయించుకొంటే ఇదే బ్యాటరీ దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. నల్లా నీళ్ళు పైకెక్కించే మోటారు మాత్రం దీనిమీద పెట్టకండి. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడే 750 వాట్లు తింటుంది. బయలుదేరేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది.

బ్యాటరీ నిండేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. కనుక మంచం కిందా, మూసిన అల్మారాలోనూ, దేవుడి దీపం పక్కనా పెట్టరాదు. గాలి ఆడే చోట పెట్టండి. నేలమీద కాకుండా కాస్త ఎత్తున పెట్టండి.

ఎత్తు ఎందుకంటారా? 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రిని తలచుకోండి. ఆ వానకు బండ్లగూడ పల్లెచెరువుకు గండి పడింది. అల్ జుబైల్ కాలనీ ప్రాంతం నీటిలో మునిగింది. నీళ్ళు నిలిచిన చోట కరెంటు ఇవ్వడం ప్రాణాపాయం కనుక సరఫరా ఆపారు. కింది అంతస్తులో నేలమీద వుంచిన యంత్రాలు, బ్యాటరీలు ఏ పనికి వస్తాయి? ఇళ్ళు వదిలి బంధువుల పంచన చేరినవారికి ఆ రోజుల్లో ఒకటే దిగులు: వదిలివచ్చిన ఇల్లు, బీరువాలోని కాగితాలు ఏమయ్యాయో అని. దస్తావేజులూ, పిల్లల సర్టిఫికెట్లూ నీరు చొరని సంచీలో వేసి, చేతికందే చోట పై అరలో వుంచుకోవడం కూడా ఇంటి భద్రతే.

లోపలికి రానీయని తలుపు, బయటికి పోనీయని తలుపు

మళ్ళీ తాతగారి గడియ దగ్గరకు వద్దాం. 2025 మే 18న తెల్లవారుజామున చార్మినారు సమీపాన గుల్జార్ హౌజ్‌లో ఒక పాత భవనానికి నిప్పంటుకొంది. కింద దుకాణాలు, పైన కాపురాలు. షార్ట్ సర్క్యూట్ కావచ్చునన్నారు. రాకపోకలకు వున్నది ఇరుకైన ఒకే దారి. పదిహేడు మంది పోయారు, వారిలో ఎనిమిదిమంది పిల్లలు.

పాతబస్తీ ఇళ్ళు చాలావరకు అటువంటివే. ముందు చానల్ గేటు, కిటికీలకు ఊచలు, వెనుక పొరుగువారి గోడ. దొంగ లోపలికి రాకుండా చేసిన ఏర్పాటు మనం బయటికి పోకుండా కూడా చేస్తుంది. గేటు తాళంచెవి ఎప్పుడూ ఒకే మేకుకు, పిల్లలకూ తెలిసేటట్టు, వేలాడాలి. మెట్ల మీద సిలిండర్లూ, పెట్రోలు డబ్బాలూ, పాత సామానూ పెట్టరాదు. డాబా మీదికి పోయే తలుపు చీకట్లో కూడా తెరవగలగాలి. ఒకసారి దీపాలన్నీ ఆర్పి, ఇంటిల్లిపాదీ వీధిలోకి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసుకోండి. పిల్లలకు ఆటగానూ వుంటుంది.

ఇక కెమెరాలు. జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు వుండాలని 2013లో చట్టం వచ్చింది. ఇళ్ళముందు కూడా ఇప్పుడవి మామూలయ్యాయి. కాని కరెంటు పోతే కెమెరా గుడ్డిది. దాన్నీ, దాని పెట్టెనూ ఇన్వర్టర్ లైనులో కలిపించుకోవాలి. గేటు దగ్గర సూర్యరశ్మితో నడిచే చిన్న దీపం ఒకటి పెడితే, ఎవరి దయా అక్కరలేకుండా తెల్లవార్లూ వెలుగుతుంది.

ఒకే నగరం, రెండు చీకట్లు

చీకటి పడితే మనుషులు దొంగలైపోతారా? న్యూయార్కు నగరం దీనికి రెండు జవాబులు చెప్పింది. 1965 నవంబరు 9న అమెరికా ఈశాన్య భాగమంతా చీకటయింది. ఇంచుమించు మూడు కోట్ల మంది చీకట్లో వున్నారు. న్యూయార్కులో అపరిచితులు ఒకరికొకరు కొవ్వొత్తులు అందించుకొన్నారు. రాత్రి ప్రశాంతంగా గడిచింది. పన్నెండేళ్ళ తరువాత, 1977 జూలై 13న, అదే నగరంలో మళ్ళీ దీపాలు పోయాయి. ఈసారి పదహారు వందలకు పైగా దుకాణాలు దోపిడీ అయ్యాయి, వెయ్యికి పైగా చోట్ల నిప్పు లేచింది. మూడు వేల మందికి పైగా అరెస్టయ్యారు. చీకటి అదే. ఆ పన్నెండేళ్ళలో నగరం దివాలా అంచుకు వచ్చింది, పనులు పోయాయి, మనుషులకు మనుషుల మీద నమ్మకం సన్నగిల్లింది.

అంటే రాత్రిపూట ఇంటిని కాచేది దీపం ఒక్కటే కాదన్న మాట. ఆ రాత్రి మా వీధిలో మూసిన గేటు లోపలి చప్పుడు విని ఆగినవాడు ఆ ఇంటికి చుట్టమూ కాదు, కాపలావాడూ కాదు. పక్కింటి చప్పుడు మామూలుదో కాదో తెలిసినవాడు, అంతే. కనుక కరెంటు పోయినప్పుడు ఒక పని చేయండి. ముందు విద్యుత్ వారి 1912కు ఫోను చేయండి. నిజమైన ఆపదయితే 112కు చేయండి. తరువాత తలుపు గడియ వేసి లోపల కూర్చోకుండా, కాసేపు చబూత్రా మీద కూర్చోండి. పక్కింటి ఒంటరి పెద్దావిడను "అమ్మా, బాగున్నారా?" అని పిలవండి.

మా ఇంటాయన ఇప్పుడు జనరేటరు అమ్మేసి ఇన్వర్టరు కొన్నాడు. కరెంటు పోతే ఆయనే ముందు వీధిలోకి వస్తాడు. చాచాకు కుర్చీ వేస్తాడు. ముసలమ్మ గేటు తాళంచెవిని కొంగున ముడివేసుకొని పక్కనే కూర్చుంటుంది. కబుర్లు మంచి రసకందాయంలో పడేసరికి, గల్లీ ఆ చివరి నుంచి పిల్లల కేక వినిపిస్తుంది:

"లైట్ ఆ గయీ!"

అప్పుడే వచ్చిందా అనిపిస్తుంది, ఒక్కొక్కసారి.