నీరు పల్లమెరుగు, ప్రణాళిక ఎవరినెరుగు?

విజయవాడ గవర్నర్‌పేటలో దుకాణాలు తెరిచే వేళకు బీసెంట్ రోడ్డు శుభ్రంగా ఉంటుంది. తెల్లవారకముందే దాన్ని ఊడ్చి వెళ్లినవారు కొనుగోలుదారులకు కనబడరు. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో నగరానికి దేశంలో మూడో స్థానం దక్కిందంటే అది వారి చీపురు చలవే. పారిశుద్ధ్య కార్మికుల్లో అత్యధికులు దళితులు. కీర్తి నగరానిదైంది, పని మాత్రం నేటికీ కులానిదే.

2024 జనవరి 19న గవర్నర్‌పేటకు సమీపంలోని స్వరాజ్య మైదానంలో 206 అడుగుల అంబేడ్కర్ స్మృతి చిహ్నాన్ని ఆవిష్కరించారు. ఎనిమిది నెలలైనా తిరగకముందే, సెప్టెంబర్ తొలివారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. కృష్ణకు నీటిని మళ్లించే కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. రోజుల తరబడి జనం మేడల మీద గడిపారు.

మునిగినవారంతా ఒకే కులంవారు కారు. అయినా పల్లపు నేలకు ఒక సామాజిక చరిత్ర ఉంది. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా భూముల విలువ పెరిగింది. ఆ సంపద భూమి ఉన్న కులాలకు చేరింది. నాట్లు వేసి కోతలు కోసిన దళితులకు కూలిగింజలే మిగిలాయి. సెంటు భూమి లేనివాడు పట్నం వస్తే ఎక్కడ తలదాచుకుంటాడు? కాలువ గట్టునో, కొండ వాలునో, అద్దె తక్కువైన పల్లంలోనో. గ్రామాన్ని ఆదర్శంగా కీర్తించడాన్ని అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో తప్పుపట్టారు. ఆ గ్రామం నుంచి తప్పించుకు వచ్చినవారికి నగరం మరో వాడను చూపింది.

మాస్టర్ ప్లాన్ నేలను నివాస, వాణిజ్య, పారిశ్రామిక మండలాలుగా రంగులద్ది చూపుతుంది. అందులో కులానికి రంగు లేదు. సుస్థిరాభివృద్ధి పేరిట ఉద్యానవనాలు, కాలువ గట్ల సుందరీకరణ ముందుకు వస్తాయి. గట్ల మీది మనిషి ఆక్రమణదారుగా మిగులుతాడు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నగరాల లక్ష్యంలో మొట్టమొదటి అంశం మాత్రం అందరికీ సురక్షితమైన నివాసమే.

చేయవలసిన పనులకు చట్టాల ఆధారం ఉంది. వరద మట్టాల పటంతో పాటు ఆ మట్టం కింద ఏ సామాజిక వర్గాలు నివసిస్తున్నాయో లెక్కతేల్చి ప్రకటించాలి. 2013 ఉపప్రణాళిక చట్టం కింద వచ్చే నిధులతో ముంపు ప్రాంతాల్లోని దళిత బస్తీలకు మురుగు కాలువలు, రక్షిత గృహాలు కల్పించాలి. ఇళ్లు తరలించక తప్పనిచోట పనికి నడిచి వెళ్లగల దూరంలోనే స్థలం ఇవ్వాలి. 74వ రాజ్యాంగ సవరణ చెప్పిన వార్డు కమిటీల్లో పారిశుద్ధ్య కార్మికులకు చోటుండాలి. ఏ వీధిలో నీరు ఎక్కడ నిలుస్తుందో వారికి తెలిసినంతగా మరెవరికి తెలుసు?

గవర్నర్‌పేటను ఊడ్చిన మనిషి వానాకాలంలో ఇంటికి చేరేసరికి గడప పొడిగా ఉండాలి. ఆ పరీక్షలో నెగ్గిన ప్రణాళికనే సుస్థిరమైనదని పిలుద్దాం.