యంత్రాల కావలి ఎందుకు పొరబడుతుంది?

పుదుచ్చేరి భారతి పార్కు నడుమ తెల్లని ఆయి మండపం ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు ఒక సాయంవేళ దేదీప్యమానంగా వెలుగుతున్న భవనాన్ని చూచి దేవాలయమని భ్రమించి చేతులు జోడించాడనీ, అది ఆయి అనే వేశ్య గృహమని తెలిసి కూల్చివేయమన్నాడనీ, ఆమె తానే ఇల్లు పడగొట్టి అక్కడ చెరువు త్రవ్వించిందనీ జనశ్రుతి. మూడవ నెపోలియన్ కాలంలో ముత్తిరపాళయం నుండి పట్టణానికి కాలువ ద్వారా నీరు తెచ్చినప్పుడు ఆమె పేర ఈ మండపం వెలసింది.

రాయలు చూచిన వెలుగు నిజమే. చేసుకున్న అర్థమే తప్పు. నేడు నీటి కేంద్రాలలో, కర్మాగారాలలో ఇదే పొరపాటు కంప్యూటర్లు చేస్తున్నవి.

ఆ కంప్యూటరు యంత్రాలను ‘ట్యాగ్’ల ద్వారా చూస్తుంది. ట్యాంకులో నీటిమట్టం ఒక ట్యాగ్, పంపు నడుస్తున్నదా లేదా అన్నది మరొకటి. ప్రతి ట్యాగ్‌కూ విలువతో పాటు ఆ విలువ నమ్మదగినదా అనే నాణ్యత, ఎప్పటిదో తెలిపే సమయం ఉంటాయి. విలువ మారగానే పనిచేయవలసిన చిన్న ఆజ్ఞావళిని స్క్రిప్టు అంటారు. కాలిఫోర్నియాలోని ఇండక్టివ్ ఆటోమేషన్ సంస్థ 2010లో విడుదల చేసిన ‘ఇగ్నిషన్’లో వీటిని పైథాన్ భాషలో వ్రాస్తారు.

పుదుచ్చేరి నీరు ప్రధానంగా గొట్టపు బావులది. అతిగా తోడితే తీరభూమిలోకి ఉప్పునీరు చొరబడుతుంది. అటువంటి చోట మట్టం 20 శాతానికి తగ్గితే పంపు నడపమని స్క్రిప్టు ఉన్నదనుకొనండి. సెన్సరు ఖాళీ ట్యాంకుకు 4 మిల్లీ ఆంపియర్లు, నిండు ట్యాంకుకు 20 పంపుతుంది. తీగ తెగితే వచ్చేది సున్న. ఖాళీకి సున్న కాక 4 నిర్ణయించినది ఈ తేడా తెలియడానికే. దానిని పట్టించుకోని స్క్రిప్టుకు నిండు ట్యాంకు ఎండిపోయినట్లు తోస్తుంది. పంపు నడుస్తూనే ఉంటుంది, నీరు వీధిపాలవుతుంది.

సర్వరును ఆపి మళ్ళీ ప్రారంభించినప్పుడు మరో చిక్కు. అంతకు ముందు విలువ ఏదీ లేదు గనుక మొదట చదివినదే ‘మార్పు’గా వస్తుంది. ఇది తొలి పఠనమని ఇగ్నిషన్ వేరే గుర్తు ఇస్తుంది. దానిని చూడకపోతే మోటార్లు అకారణంగా కదలవచ్చు.

కొన్నిసార్లు స్క్రిప్టు అసలు మేల్కొనదు. సెకనుకు ఒకసారి చదివే కంప్యూటరుకు అర సెకను మాత్రమే వెలిగిన సంకేతం కనబడకపోవచ్చు. అందుచేత యంత్రం వద్ద ఉండే పి.ఎల్.సి. ఆ సంకేతాన్ని పట్టి ఉంచి, అందినదని జవాబు వచ్చిన తరువాతే విడవాలి. స్క్రిప్టు నెమ్మదిగా ఉన్నా ప్రమాదమే. ఇగ్నిషన్‌లో ఒక ట్యాగ్ వరుసలో నిలువగలిగేవి ఐదు మార్పులు. అంతకు మించితే పాతవి జారిపోతాయి. డేటాబేసు జవాబు కోసం కాచుకు కూర్చున్న స్క్రిప్టు తరచు ఇందుకు కారణం.

తప్పు వెదికేవారిని ఎక్కువగా తికమక పెట్టేది వేరొకటి. స్క్రిప్టులో వ్రాయించిన మాట తన తెర మీద కనబడకపోతే అది నడవలేదని ఇంజనీరు నిర్ణయిస్తాడు. కాని అది నడిచేది సర్వరులో. మాట చేరేది సర్వరు లాగ్ ఫైలుకు. ఉన్నచోటు వదలి లేనిచోట వెదకుతూ గంటలు పోతాయి. మొదట ఆ ఫైలు తెరచి విలువ, నాణ్యత, సమయం మూడూ నమోదు చేయించడం మేలు. కారణం చాలావరకు అక్కడే బయటపడుతుంది.

ట్యాంకు నిండగానే పంపును ఆపే పని మాత్రం స్క్రిప్టుకు అప్పగించరాదు. అది ఫ్లోట్ స్విచ్చిదీ, పి.ఎల్.సి.దీ. అర్ధరాత్రి సర్వరు ఆగినా అవి తమ పని తాము చేస్తాయి.