పాట నేర్పితే ధ్యాస నిలుస్తుందా?

"మావాడికి తెలివి లేక కాదండీ, ధ్యాస నిలవదు!" అత్తిలిలోనైనా, తణుకులోనైనా నలుగురు తల్లులు చేరినచోట ఈ మాట వినబడుతూనే ఉంటుంది. సంగీతంలో పెడితే కుదుటపడతాడని కొందరి సలహా. పదో తరగతి వస్తోంది, పాటలు మాన్పించి ట్యూషనుకు పంపమని మరికొందరి హెచ్చరిక. నెలనెలా జీతమిచ్చే తండ్రికీ, సాయంత్రం ఆట మానుకొనే బిడ్డకూ ఇందులో ఏది నిజమో తెలియాలి కదా!

సంగీతపాఠంలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. సరళీస్వరాలు పాడే పిల్ల ఆదితాళం వేస్తుంది. ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బా విసురూ, మొత్తం ఎనిమిది. చేయి తాళం వేస్తుండగా నోరు స్వరం పలకాలి, చెవి శ్రుతిని విడవకూడదు. మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. స్వరాలెంత పరుగెత్తినా చేయి తొందరపడరాదు. మనసు వీధిలోకి పోయిందా, తాళం తప్పుతుంది. గురువుగారు కసిరేలోగా తప్పు తనకే తెలుస్తుంది.

ఇలా నిలిపిన మనసునే మన పెద్దలు అవధానమన్నారు. అష్టావధానం చేసే కవి పద్యం చెబుతూనే మధ్యమధ్య మోగే గంటలను లెక్కపెట్టుకోవాలి. ఆ విద్యలో పేరుమోసిన తిరుపతిశాస్త్రిగారు భీమవరం దగ్గరి యండగండివారే. తాళం వేస్తూ పాడే పసిపిల్లది కూడా చిన్నయెత్తున అదే సాధన.

అత్తిలిలో రైలెక్కి భీమవరం మీదుగా నరసాపురం పోతుంటే పాలకొల్లు వస్తుంది. మాండలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది అక్కడే. ఆరేళ్లకే మాండలిన్ చేతపట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రవాడు విని తీగెలమీద పలికించేవాడు. గురువు వేళ్లు చూసి నేర్చే వీలులేనిచోట వినడమే పాఠమైంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశాడు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు.

అలాంటివారు కోటికొక్కరు. మామూలు పిల్లల సంగతేమిటి? కెనడాలో షెలెన్‌బర్గ్ అనే ఆచార్యుడు 144 మంది ఆరేళ్ల పిల్లలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించాడు. కొందరికి సంగీతం, కొందరికి నాటకం నేర్పించి, కొందరికి ఏదీ నేర్పలేదు. తెలివిని కొలిచే పరీక్షలో సంగీతం నేర్చినవారు మిగతావారికంటే కాస్త ముందుకు వెళ్లారు. 2020లో చిలీ దేశంలో 10 నుంచి 13 ఏళ్ల పిల్లలు 40 మందికి బొమ్మ చూపుతూ, స్వరం వినిపిస్తూ పరీక్ష పెట్టారు. వాటిని గుర్తుపెట్టుకోవడంలో వాద్యం నేర్చినవారిదే పైచేయి.

అయితే ఇక్కడొక చిక్కుంది. పాటవల్ల ధ్యాస కుదిరిందా, ధ్యాస ఉన్న పిల్లలే పాటలో నిలిచారా? 2020లోనే సాలా, గోబే అనే ఇద్దరు 54 పరిశోధనలను కలిపి తరచి చూశారు. పకడ్బందీగా జరిపినవాటిలో సంగీతంవల్ల చదువుకు కలిగిన లాభం దాదాపు కనబడలేదు.

కనుక లెక్కల్లో మార్కులకోసం బిడ్డచేతికి వయొలిన్ ఇవ్వకండి. మార్కులు తగ్గాయని లాక్కోనూవద్దు. సాధన చేసేవేళ టీవీ కట్టేసి, ఫోను పక్కన పడేసి, పావుగంట మీరూ దగ్గర కూర్చోండి. తాళం తప్పితే కసరకుండా మళ్లీ మొదటినుంచి పాడనివ్వండి. మార్కులు పెరిగినా పెరగకపోయినా, నెలకోసారైనా ఒక కీర్తన తప్పులేకుండా పాడి మీ ముఖంలోకి చూసే బిడ్డ ఆ ఇంట్లో ఉంటుంది. ఇచ్చిన జీతానికి అది తక్కువ ఫలమేమీ కాదు!